‘కారణం: గంజాయి’ — పిచ్చాసుపత్రి రిజిస్టర్ల నుంచి లేబొరేటరీల దాకా

‘తులసివనంలో గంజాయి మొక్క’ అనే సామెత చెవిన పడకుండా బడి దాటిన దళిత పిల్లలు తక్కువ. తులసి ఎవరి పెరట్లో ఉంటుందో, ఆ వనానికి కలుపు ఎవరో, చెప్పే పంతులుకీ తెలుసు, వినే పిల్లాడికీ తెలుసు. మాలో ఒకరికి ఎనిమిదో తరగతిలోనే ఆ బిరుదు దక్కింది. చేసిన నేరమల్లా హాస్టలు నుంచి రావడం, లెక్కల పంతులుకి ఎదురు ప్రశ్న వేయడం. అప్పటికి అతను గంజాయి మొక్కను బొమ్మలో కూడా చూసెరగడు. మొక్కలకు కూడా వర్ణం అంటగట్టిన సమాజం మనది. కాబట్టి గంజాయి మీద ‘శాస్త్రీయ పరిశోధన’ జరిగిందని ఎవరన్నా అంటే మేం ముందుగా అడిగేది ఒక్కటే: ఆ పరిశోధకుడు చూసింది మొక్కనా, మనిషినా?

ఈ చర్చ ఇప్పుడెందుకంటే, విద్యార్థి సంఘాల్లో, ఉపాధ్యాయుల మధ్య రెండు వాదనలు పదే పదే వింటున్నాం. ఒకటి కాలేజీలకొచ్చి ఉపన్యాసాలిచ్చే అధికారులది. గంజాయి తాగినవాడు పిచ్చోడవుతాడు, హంతకుడవుతాడు, ఇది సైన్సు తేల్చిన సత్యం అంటారు. రెండోది ఇంగ్లీషు చదువులు బాగా వంటబట్టిన మిత్రులది. సైన్సంతా సర్కారు చెప్పించిన అబద్ధం, 1894లోనే బ్రిటిషువాళ్ళ గంజాయి కమిషన్ దీనివల్ల ప్రమాదం లేదని తేల్చేసింది, తర్వాత అమెరికా ఒత్తిడికి లొంగి మనవాళ్ళు చట్టం తెచ్చారు అంటారు. రెండో వాదన మనకు దగ్గరగా అనిపిస్తుంది. సర్కారును అనుమానించడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు కదా. అయితే ఆ కమిషన్ నివేదికను తెరిచి చూసినవాళ్ళెందరు? ఏడు సంపుటాలు, మూడు వేల పైచిలుకు పేజీలు. మేం అన్నీ చదివామని బొంకం. ప్రధాన నివేదిక, పిచ్చాసుపత్రుల అధ్యాయం, సాక్ష్యాల్లో కొంత చదివాం. ఆ చదువు మమ్మల్ని రెండు వాదనలకూ దూరం చేసింది.

1893 మార్చిలో బ్రిటిషు పార్లమెంటులో విలియం కేయిన్ అనే మద్యనిషేధవాది ఒక ప్రశ్న వేశాడు. బెంగాల్లో సర్కారు పన్ను వసూలు చేసుకుంటూ అమ్మిస్తున్న గంజాయి జనాన్ని పాడు చేస్తోందా లేదా విచారించమని అడిగాడు. ఇండియా ప్రభుత్వం అదే ఏడాది జులైలో ఏడుగురితో కమిషన్ వేసింది. అధ్యక్షుడు మాక్‌వర్త్ యంగ్. నలుగురు తెల్లవాళ్ళు, ముగ్గురు దేశీయులు. ఆ ముగ్గురూ ఎవరు? రాజా శశిశేఖరేశ్వర్ రాయ్ బెంగాల్ జమీందారు. కన్వర్ హర్నామ్ సింగ్ కపుర్తలా రాజకుటుంబీకుడు. మూడో ఆయన లాలా నిహాల్ చంద్. చిలుం పట్టేవాడి పక్కన ఏనాడూ కూర్చుని ఎరగని మనుషులు వీళ్ళు. కమిషన్ ఊరూరా తిరిగి 1,193 మంది సాక్ష్యం తీసుకుంది. అందులో అధికశాతం సర్కారు ఉద్యోగులు, వైద్యులు. మిగిలినవాళ్ళలో వ్యాపారులు, భూస్వాములు, వకీళ్ళు, మిషనరీలు కనబడతారు. బోయీ, జాలరి, కూలి, పాకీ పనివాడు గంజాయి తాగుతారని నివేదిక నిండా రాసి ఉంటుంది. వాళ్ళు తాగుతారని చెప్పేవాడే సాక్షి. తాగేవాడు సాక్షి కాడు, సాక్ష్యంలో వస్తువు.

ఇంత చెప్పాక కూడా ఆ నివేదికలో ఒక అధ్యాయానికి మేం చేతులెత్తి దణ్ణం పెడతాం. అది పిచ్చాసుపత్రుల అధ్యాయం. పరిశోధనను అనుమానించడం ఎట్లాగో నేర్చుకోదలిచిన ప్రతి విద్యార్థీ దాన్ని చదవాలి.

గంజాయి తాగితే పిచ్చెక్కుతుందనే మాటకు ఆనాడు పెద్ద ఆధారం పిచ్చాసుపత్రుల వార్షిక పట్టికలు. ఢాకా, కలకత్తా, లాహోర్, మద్రాసు, మన విశాఖపట్నం — ప్రతి ఆసుపత్రీ ఏటేటా లెక్క పంపేది. రోగి పేరు, వయసు, కులం, వృత్తి, పిచ్చికి కారణం. ఈ కారణం అనే గడిలో ‘గంజాయి’ అని వందలసార్లు ఉంది. డాక్టర్లు ఈ పట్టికలు చూసి పుస్తకాలు రాశారు. ఆ పుస్తకాలు చూసి అధికారులు, అధికారుల్ని చూసి పార్లమెంటు సభ్యులు మాట్లాడారు. కమిషన్ చేసిన మంచి పనేమిటంటే, ఆ గడి నింపిందెవరని అడిగింది. వెనక్కి వెనక్కి వెళ్ళి చూస్తే తేలిందిది. రోగి వెంట వచ్చే కాగితం రాసేవాడు పోలీసు. రోడ్డు మీద అరుస్తూ తిరిగే దిక్కులేని మనిషిని పట్టుకొస్తాడు. వాడి ఊరేదో, అమ్మానాన్నలెవరో తెలీదు. కారణం గడి ఖాళీగా పంపితే పైవాడు ఒప్పుకోడు. గంజాయి తాగుతాడా అని ఎవరినో అడుగుతాడు. తాగుతాడేమో అంటారు. కారణం: గంజాయి. మేజిస్ట్రేటు గుమాస్తా దాన్ని ఎత్తి రాస్తాడు. ఆసుపత్రి గుమాస్తా మళ్ళీ ఎత్తి రాస్తాడు. డాక్టరు సంతకం పెడతాడు. అలవాటు కారణమైపోయింది, పోలీసు ఊహ శాస్త్రమైపోయింది.

కమిషన్ 1892 ఒక్క సంవత్సరం చేరికల్ని తీసుకుంది. మొత్తం 1,344 మంది. అందులో 222 మందికి కారణం గంజాయి, భంగు, చరస్ అని రాసి ఉంది. ఒక్కొక్క కేసూ ఊరికి మనిషిని పంపి విచారించారు. ఎవరికో వంశంలోనే పిచ్చి ఉంది, ఎవరికో మూర్ఛ, ఎవరో సారా మనిషి, ఎవరో అసలు గంజాయి ముట్టనే లేదు. వడపోసి చూస్తే 222లో నిలబడ్డవి 98. అందులోనూ ఇతర కారణమేదీ కలవకుండా మిగిలినవి 61. ఏటేటా సైన్సు పేరున అచ్చయిన లెక్కలో సగానికి పైగా ఒక్క విచారణతో రాలిపోయింది.

ఈ అధ్యాయం మీద జేమ్స్ మిల్స్ అనే చరిత్రకారుడు 2000లో ఒక పుస్తకమే రాశాడు. వలసపాలనలో పిచ్చి, గంజాయి, ఈ రెంటినీ ముడిపెట్టిన కాగితాల కథ అది. ఎవరిని పట్టుకొచ్చి ఆసుపత్రిలో వేశారన్నది ఆయన అడిగిన ప్రశ్న. సంచారులు, ఫకీర్లు, బైరాగులు, పని లేక తిరిగే పేదలు. ఇంట్లో గది ఉన్నవాళ్ళ పిచ్చి ఇంట్లోనే ఉండిపోతుంది. రోడ్డే ఇల్లయినవాడి పిచ్చి రిజిస్టరుకెక్కుతుంది. మిల్స్ అక్కడిదాకా వచ్చి ఆగిపోయాడు. మేం ఇంకో అడుగు వేసి అడుగుతాం: ఆ రిజిస్టర్లలోనే పక్కన ‘కులం’ గడి ఉంది కదా, దాన్ని కారణం గడితో కలిపి చదివిన పరిశోధకుడు నూట ముప్పై ఏళ్ళలో ఒక్కడు కూడా మాకెందుకు తగల్లేదు? ఎవరి పిచ్చికి దుఃఖం కారణమని రాశారు, ఎవరి పిచ్చికి గంజాయి అని రాశారు? ఆర్కైవ్సులో కూర్చునే అవకాశమున్న మన పిహెచ్.డి. విద్యార్థులకు ఇంతకన్నా మంచి పని లేదు.

అట్లాగని ఆ నివేదికను నెత్తిన పెట్టుకుందామా? ఇక్కడే మాకు రెండో వాదన చేసే మిత్రులతో పేచీ.

కమిషన్ చివరికి తేల్చిందేమిటి? మితంగా తాగితే ఒంటికీ, బుద్ధికీ, నడతకీ చెప్పుకోదగ్గ హాని లేదు, అతిగా తాగితే ఉంది, నిషేధం అక్కర్లేదు, పన్ను వేసి లైసెన్సులిచ్చి అదుపులో పెట్టుకుంటే చాలు అని. ఈ తీర్పు ఎవరికి కలిసొచ్చింది? గంజాయి ఆనాడు సర్కారు ఆబ్కారీ ఆదాయం. బెంగాల్లో నవగావ్ పొలాల్లో పండిన గంజాయి సర్కారు గోదాముల గుండా పోవాల్సిందే. మన వైపు కూడా ఉంది. అప్పటి కృష్ణా జిల్లాలో, ఇప్పటి చీరాల ప్రాంతంలో ఉన్న సంతరావూరు ఆ రోజుల్లో గంజాయి పండించే ఊరుగా నివేదికకెక్కింది. అదే సంవత్సరాల్లో నల్లమందు మీద ఒక రాయల్ కమిషన్ కూర్చుంది. అదీ 1895లో నల్లమందు అంత చెడ్డదేం కాదనే తేల్చింది. నల్లమందు సర్కారుకు ఇంకా పెద్ద ఆదాయం. నల్లమందు కమిషన్‌ను చరిత్రకారులు సర్కారు సున్నం కొట్టించుకోవడమని తిట్టారు. గంజాయి కమిషన్‌ను మాత్రం నిష్పాక్షిక విజ్ఞానానికి నమూనా అని పొగుడుతారు. 1969లో అమెరికాలో గంజాయి చట్టాల మీద పోరు సాగుతున్నప్పుడు దాన్ని మళ్ళీ అచ్చు వేశారు కూడా. మనకు నచ్చిన ఫలితం వచ్చిన చోట సర్కారు చెయ్యి కనిపించదు, నచ్చని చోట కనిపిస్తుంది. ఇది విమర్శ కాదు, ముఠా కట్టడం.

గంజాయి కమిషన్ పూర్తిగా అమ్ముడుపోయిందని మేం అనడం లేదు. పిచ్చాసుపత్రుల విచారణ నిజమైన విచారణ. కలకత్తాలో డాక్టర్ కన్నింగ్‌హామ్ కోతులకు పొగ పట్టించి, చచ్చాక మెదడు కోసి చూసి గంజాయి గాయమేదీ లేదన్నది కూడా వాళ్ళు దాచలేదు. మా అభ్యంతరం వేరు. ఖజానాకు పనికొచ్చే సత్యాన్ని వెతకడానికి సర్కారు దగ్గర డబ్బూ మనుషులూ తీరికా అన్నీ ఉంటాయి. ఖజానాకు అడ్డొచ్చే సత్యాన్ని వెతకడానికి ఉండవు. అబద్ధం చెప్పడం ఒక్కటే ప్రభుత్వ జోక్యం అనుకుంటే పొరపాటు. ఏ ప్రశ్న వేయాలో, ఏది వేయకూడదో నిర్ణయించడం అంతకన్నా పెద్ద జోక్యం.

ఆ వేయని ప్రశ్నల్లో మనకు సంబంధించింది ఇది. నివేదిక ఒకే మొక్కను మూడు ముక్కలు చేస్తుంది. ఆకు భంగు. పూత గంజాయి. జిగురు చరస్. శాస్త్రపరంగా ఈ విభజనకు ఆధారం ఉంది. ఆకులో మత్తు పదార్థం తక్కువ, పూతలో ఎక్కువ, జిగురులో ఇంకా ఎక్కువ. కానీ నివేదిక ఈ మూడింటి గురించి మాట్లాడే గొంతు చూడండి. భంగు దగ్గరికొచ్చేసరికి శివుడు, హోళీ, దుర్గాపూజ, పెద్ద కుటుంబాల ఆచారం. దాన్ని ముట్టుకుంటే హిందువుల మనోభావాలు దెబ్బతింటాయని హెచ్చరిక. గంజాయి దగ్గరికొస్తే కూలీలు, సాధువులు, కింది వర్గాలు. అక్కడ మనోభావాల బదులు క్రమశిక్షణ ప్రస్తావన. రాయ్, నిహాల్ చంద్ మెజారిటీతో ఏకీభవించక విడిగా అసమ్మతి పత్రాలు రాశారు. తెల్లవాళ్ళు మరీ మెత్తగా ఉన్నారని వాళ్ళ బాధ. తాగేది పాత్రలోనా, చిలుంలోనా అన్నది ఈ దేశంలో ఉత్త పద్ధతి తేడా కాదు. నోటికీ నోటికీ మారే చిలుం ఎంగిలి. ఆ ఎంగిలిని పంచుకునేవాడి గురించి కులపెద్దలకు ముందే ఒక అభిప్రాయం ఉంది. కమిషన్ దాన్ని సాక్ష్యంగా రాసుకుంది.

ఆ విభజన అక్కడితో పోలేదు. 1961 అంతర్జాతీయ ఒప్పందం నిషిద్ధ పదార్థాన్ని పూత అని నిర్వచించింది. పూత లేకుండా విడిగా ఉన్న ఆకులూ గింజలూ అందులోకి రావు. 1985లో మన పార్లమెంటు చేసిన మాదకద్రవ్యాల చట్టం దాదాపు అవే మాటలు తెచ్చుకుంది. ఫలితం ఏమిటి? కాశీలో, జైసల్మేరులో సర్కారు అనుమతి బోర్డు పెట్టుకుని భంగు దుకాణం నడుస్తుంది. ఇరవై కిలోలకు మించిన గంజాయితో పట్టుబడ్డ మనిషికి తక్కువలో తక్కువ పదేళ్ళ జైలు, లక్ష రూపాయల జరిమానా. బెయిలు రావాలంటే ఇతను నేరం చేయలేదని నమ్మడానికి కారణముందని జడ్జి ముందే అనుకోవాలి. 2019లో సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ కోసం ఎయిమ్స్ వాళ్ళు దేశవ్యాప్త సర్వే చేసి ఇచ్చారు. దాని ప్రకారం భంగు తీసుకునేవాళ్ళు సుమారు 2.2 కోట్లు, గంజాయి, చరస్ తాగేవాళ్ళు 1.3 కోట్లు. భంగు వాళ్ళే ఎక్కువ. వాళ్ళను దేశం పండగ చేసుకునేవాళ్ళు అంటుంది. ఆ సర్వేలోనే సారా, బ్రాందీ తాగేవాళ్ళు 16 కోట్లు. వాళ్ళ సంగతి సర్కారు ఎక్సైజు శాఖకు వదిలేసింది.

ఇక అమెరికా సంగతి. మన మిత్రులు దీన్ని బాగా చదివారు కాబట్టి క్లుప్తంగానే చెబుతాం. 1937లో మారిహువానా పన్ను చట్టం వచ్చినప్పుడు మందుల బ్యూరో పెద్ద హ్యారీ ఆన్‌స్లింగర్ పార్లమెంటు కమిటీకి చూపించింది పరిశోధనలు కాదు, నేరాల కథలు. ఆ కథల్లో మెక్సికన్లు, నల్లవాళ్ళు విరివిగా ఉంటారు. డాక్టర్ల సంఘం తరఫున వచ్చిన విలియం వుడ్‌వర్డ్ ఆధారాలేవీ అని అడిగితే కసురుకున్నారు. 1944లో న్యూయార్క్ మేయరు లాగార్డియా వేయించిన నిపుణుల సంఘం, గంజాయి నేరాలకు మూలం కాదని రాస్తే ఆన్‌స్లింగర్ దానిపై దాడి చేశాడు. 1972లో అధ్యక్షుడు నిక్సన్ తనే నియమించిన షేఫర్ కమిషన్, సొంతానికి వాడుకునేవాణ్ణి నేరస్థుడిగా చూడొద్దని చెప్తే చెత్తబుట్టలో పడేశాడు. నివేదిక ఎట్లా ఉండాలో ముందే షేఫర్‌కు చెప్పిన సంగతి తర్వాత బయటపడ్డ టేపుల్లో ఉంది. బ్రిటన్ కూడా తక్కువ తినలేదు. 2009లో సర్కారు సలహాసంఘం అధ్యక్షుడు డేవిడ్ నట్ గంజాయి, మద్యం హానుల్ని పోల్చి మాట్లాడినందుకు మంత్రి పదవి ఊడబెరికాడు.

ఇవి కనబడే దెబ్బలు. కనబడనిది మిసిసిపీ పొలం. అమెరికాలో పరిశోధనకు చట్టబద్ధంగా గంజాయి కావాలంటే 1968 నుంచి 2021 దాకా ఒకే ఒక్క చోటు, మిసిసిపీ విశ్వవిద్యాలయం. దాన్ని పంచే అధికారం మందుల దురలవాటు మీద పనిచేసే సర్కారు సంస్థది. హాని వెతికేవాడికి సరుకు దొరికేది. ఉపయోగం వెతికేవాడు ఏళ్ళ తరబడి తిరిగేవాడు. ఇంకొకరికి సాగు అనుమతి ఇవ్వమని 2007లో సర్కారు సొంత పాలనా న్యాయమూర్తే చెప్తే 2009లో తోసిపుచ్చారు. అంటే ఎవరూ ఏ శాస్త్రవేత్తనూ బెదిరించక్కర్లేదు, లంచం ఇవ్వక్కర్లేదు. గింజ చేతిలో ఉంటే చాలు. యాభై ఏళ్ళలో పోగుపడ్డ వేలాది వ్యాసాల్లో హాని బరువు ఎందుకెక్కువ అంటే ఇదొక కారణం. గోదాము తాళం ఎవరి దగ్గరుంటే పంట లెక్క వాళ్ళు చెప్పిందే అవుతుందని మన పాలేర్లకు ఎప్పటినుంచో తెలుసు.

ఫలితం ఎవరి మీద పడింది? 2013లో అమెరికా పౌరహక్కుల సంఘం తీసిన లెక్క ప్రకారం గంజాయి దగ్గరుంచుకున్నందుకు నల్లవాళ్ళ అరెస్టులు తెల్లవాళ్ళకన్నా 3.73 రెట్లు. వాడకం ఇద్దరిలోనూ దాదాపు సమానం. ఈ ఒక్క వాక్యం రాయడానికి వాళ్ళకు అరెస్టు కాగితాల్లో జాతి గడి కావాల్సొచ్చింది. ఇక్కడ మాదకద్రవ్యాల చట్టం కింద ఎవరెంత మంది ఉన్నారో కులంవారీగా అట్లా తీసిన లెక్కను మేం ఇంతవరకు చూడలేదు. మొత్తం ఖైదీల్లో ఐదింట ఒక వంతుకు పైగా షెడ్యూల్డు కులాలవాళ్ళే అని మాత్రం జాతీయ నేర రికార్డుల సంస్థ ఏటేటా అచ్చు వేస్తోంది. జనాభాలో మన వాటా 16.6 శాతం.

మన రాష్ట్రాల మాటకొద్దాం. విశాఖ మన్యంలో గంజాయి సాగు చేసేది ఆదివాసీ. పెట్టుబడి పెట్టేది మైదానం నుంచి, పక్క రాష్ట్రాల నుంచి వచ్చే వ్యాపారి. మోసేది కూలి. 2021లో ఆపరేషన్ పరివర్తన పేర పోలీసులు వేల ఎకరాల పంట నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. టీవీల్లో ఆ పొగ అందరూ చూశారు. ఆ మొక్కకు ముందు ఆ చేలో రాగులో, సామలో ఉండేవి. అవి ఎందుకు పోయాయో, కాఫీకీ పసుపుకూ సంతలో గిట్టిందెంతో అన్నది ఏ లేబొరేటరీలో తేలుతుంది? వ్యవసాయశాఖకు అది నేర విషయం, పోలీసు శాఖకు వ్యవసాయ విషయం కాదు.

అదే మొక్క ఉత్తరాఖండ్‌లో 2018 నుంచి నార కోసం లైసెన్సుతో పెంచుతున్నారు. అది మత్తు తక్కువ రకం, నిజమే. జమ్మూలో సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ ఒక కెనడా కంపెనీతో కలిసి మందుల కోసం గంజాయి మీదే పరిశోధన చేస్తోంది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకరమైన పట్టిక నుంచి తీసేయాలా అని ఓటు వేస్తే 27–25తో నెగ్గింది. తీసేయాలని చేయెత్తిన 27లో మన దేశం ఉంది. మందుగా పనికొస్తుందని వియన్నాలో ఒప్పుకున్న ప్రభుత్వం ఆ మాటను పాడేరు సంతలో ఎందుకు చెప్పదు? మేం కంపెనీ పరిశోధనను వద్దనడం లేదు. మూర్ఛరోగపు పిల్లలకు గంజాయి నుంచి తీసిన మందును అమెరికాలో 2018లో ఆమోదించారు. ఆ మేలు మన పిల్లలకూ రావాలి. కానీ మొక్కలోని గుణం కంపెనీకి లైసెన్సు అయితే, ఆదివాసీకి కేసు అయితే, తేడా మొక్కలో లేదు.

ఇప్పుడు కష్టమైన మాట చెప్పాలి. ఇదంతా చదివి ‘సైన్సు అంతా సర్కారు అబద్ధం, కాబట్టి తాగితే ఏం కాదు’ అని మన హాస్టలు పిల్లవాడు అనుకుంటే ఈ వ్యాసం వాడికి ద్రోహం చేసినట్టు. 1987లో స్వీడన్ పరిశోధకులు సైన్యంలో చేరడానికొచ్చిన దాదాపు 45 వేల మంది యువకుల వివరాలను పదిహేనేళ్ళ పాటు చూశారు. పద్దెనిమిదేళ్ళకే యాభైసార్లకు మించి గంజాయి తాగినవాళ్ళలో తర్వాత స్కిజోఫ్రెనియా వచ్చే అవకాశం తాగనివాళ్ళకన్నా ఆరు రెట్లు కనిపించింది. గంజాయే కారణమా, ముందే మనసు చెదిరినవాళ్ళు గంజాయిని ఆశ్రయించారా అని పోట్లాట సాగింది. ఇతర దేశాల్లో వేరేవాళ్ళు వేరే పద్ధతిలో చూసినా, లెక్క తగ్గింది గాని సంబంధం పూర్తిగా పోలేదు. దీనికి పక్కన అమెరికాలో డెబ్బైల్లో రాబర్ట్ హీత్ చేసిన కోతుల ప్రయోగం పెట్టి చూడండి. గంజాయి మెదడును తినేస్తుందని పత్రికలకెక్కింది. కోతులు మరీ కొద్ది, పద్ధతి లోపాలమయం అని 1982లో అక్కడి వైద్యవిజ్ఞాన సంస్థే తేల్చింది. తర్వాత సర్కారు ప్రయోగశాలలోనే ఎక్కువ కోతులతో చేస్తే ఆ గాయాలు కనిపించలేదు. రెండూ గంజాయికి వ్యతిరేకమైన ఫలితాలే. ఒకటి ప్రశ్నలకు నిలబడింది, ఒకటి పడిపోయింది. ఎవరు డబ్బిచ్చారన్నది మొదటి ప్రశ్న మాత్రమే. ఎంతమందిని చూశారు, ఎవరితో పోల్చారు, ఇంకొకరు చేస్తే అదే వచ్చిందా అన్నవి కూడా అడగాలి. ఈ ప్రశ్నలు అడగటానికి ఇంగ్లీషు రానక్కర్లేదు. క్లాసులో పంతుళ్ళు నేర్పాలి.

ఇంకో సంగతి మరిచిపోతున్నారు మన మిత్రులు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ళు ఏ కమిషన్ నివేదిక కోసమూ కాచుకోలేదు. మొగుడి కూలి డబ్బు ఇంటికొస్తోందా లేదా అన్నదే వాళ్ళ కొలమానం. ఆ ఉద్యమంలో ముందు నడిచినవాళ్ళలో దళిత స్త్రీలు ఎక్కువ. సర్కారు 1993లో సారా ఆపింది, 1995లో మొత్తం మద్యం ఆపింది, 1997లో ఖజానా ఖాళీ అయిందని మళ్ళీ తెరిచింది. 2019 నుంచి 2024 దాకా ఆంధ్రప్రదేశ్‌లో దుకాణం కూడా తనే పెట్టుకుని అమ్మింది. సారా వాడల్ని ఏం చేసిందన్న దాని మీద ఎంత పరిశోధనకు ఎన్ని నిధులిచ్చారో మన విశ్వవిద్యాలయాల వార్షిక నివేదికలు తిరగేసి చూడండి. మత్తు గురించి మాట్లాడేటప్పుడు మనం వినాల్సిన మొదటి సాక్షి ఆ ఆడది. 1893లో ఆమెను పిలవలేదు.

చివరగా ఒక పని అప్పగించాలనుకుంటున్నాం. మా దగ్గరికి వచ్చిన కొన్ని కేసుల కాగితాలు చూశాం. స్కూటరు మీద పోతున్న మాదిగ కుర్రాడు, బస్టాండులో సంచి పక్కన కూర్చున్న కోందు స్త్రీ. పంచనామాలో తూకం ఒక్కటే అంకె. ఆకు, కాడ, గింజ, పూత అన్నీ కలిపి సంచీతో సహా తూచేస్తారు. చట్టం ఆకునూ గింజనూ విడిగా ఉంటే లెక్కలోంచి తీసేసింది కాబట్టి, అట్లా కలిపి తూచిన కేసుల్లో హైకోర్టులు బెయిలిచ్చిన సందర్భాలున్నాయి. కానీ ఆ మాట చెప్పే వకీలు దొరికితే కదా. పోలీసు శాఖా, తన రిపోర్టుతో కేసు నిలబెట్టే ఫోరెన్సిక్ లేబొరేటరీ కూడా హోంశాఖ కిందివే. రిపోర్టు మూడు నాలుగు వాక్యాలు: నమూనా అందింది, పరీక్షించాం, గంజాయి. పూత ఎంత, ఆకు ఎంత అన్న దానికి మేం చూసిన ఏ రిపోర్టులోనూ గడి లేదు.

మీ జిల్లాల్లో ఇట్లాంటి కేసుల్లో చిక్కుకున్న కుటుంబాలుంటే పంచనామా, నమూనా కాగితం, లేబొరేటరీ రిపోర్టు, ఈ మూడింటి నకళ్ళు సంపాదించండి. మనుషుల పేర్లు తీసేసి మాకు పంపండి. ఊరు, కులం, తూకం, పట్టుబడిన తేదీ, బెయిలొచ్చిన తేదీ మాత్రం ఉంచండి. కనీసం వంద పోగైతే పక్కపక్కన పెట్టి చదవడం మొదలుపెడతాం.